బోరు మోటరు ఎందుకు కాలిపోతుంది?



చిక్కబళ్లాపురం, బాగేపల్లి, చింతామణి తాలూకాల్లో ఏడాది పొడవునా పారే ఏరు లేదు. సేద్యమంతా బోర్ల మీదే. వెయ్యి అడుగులు దాటిన బోర్లు ఇక్కడ కొత్త కాదు. అంత లోతునుంచి మోటరు పైకి లాగాలంటే బండి రావాలి, మనుషులు రావాలి. రీవైండింగు ఖర్చు వేరే.

సబ్‌మెర్సిబుల్ మోటరును చల్లబరిచేవి నీళ్లే. లోపలి బుష్‌లు, బేరింగు అరగకుండా కాచేవీ నీళ్లే. నీటిమట్టం పంపు కిందికి దిగిపోతే బుష్‌లు అరుగుతాయి, వైండింగు కాలుతుంది. పైపులో నీళ్లు ఆగి ఆగి, గాలితో వస్తున్నా, స్టార్టరు మీద ఆంపియర్ మీటరు ముల్లు పడిపోయి ఊగుతున్నా వెంటనే ఆపేయండి. బోరులో నీళ్లు ఊరేదాకా మళ్లీ వేయకండి.

మూడు ఫేజుల్లో ఒకటి పోతే మిగతా రెండింటి మీదా భారం పడి మోటరు కాలుతుంది. అలాంటప్పుడు మోటరును ఆపేసే సింగిల్ ఫేజ్ ప్రివెంటరు ఉన్నది అందుకే. దాన్ని తప్పించి నేరుగా కలిపేవాళ్లూ, ఫ్యూజు బదులు లావు తీగ చుట్టేవాళ్లూ ఉన్నారు. ఆ పూటకు మడి తడుస్తుంది, మోటరు మాత్రం దక్కదు.

ట్రాన్స్‌ఫార్మరు బాగుచేశాక నీళ్లు సన్నగా వస్తుంటే తొందరపడి మోటరు తీయించకండి. ఫేజులు తారుమారై అది వెనక్కి తిరుగుతుండొచ్చు. కరెంటు ఆపించి, ఎలక్ట్రీషియన్‌తో రెండు వైర్లు అటూ ఇటూ మార్పించి చూడండి.

బెంగళూరు హెబ్బాళ, నాగవార లోయల మురుగునీటిని శుద్ధిచేసి, భూగర్భజలం పెరగాలని చిక్కబళ్లాపురం జిల్లా చెరువులకు మళ్లించారు. అయినా ఎండాకాలంలో బోరు మట్టం ఓసారి కొలిపించుకోండి. మోటరు దించేటప్పుడు అందులో మంచినీళ్లు నింపారో లేదో చూడండి, కేబుల్ జాయింటు మీ కళ్లెదుటే చుట్టించండి.