ఒక్కనాటి షేర్ల బేరము

(పాఠశాల వార్షికోత్సవ సభలో తలిదండ్రులను, పూర్వ విద్యార్థులను ఉద్దేశించి ప్రధానోపాధ్యాయులు గావించిన ఉపన్యాసము)



వార్షికోత్సవ సభలలో ప్రధానోపాధ్యాయుడు విద్యను గూర్చియు, శీలమును గూర్చియు మాటలాడుట వాడుక. నేడు నేను ధనమును గూర్చి మాటలాడుటకు మీ యనుమతిని వేడుచున్నాను. వేసవి సెలవులలో మన పూర్వ విద్యార్థి యొకడు నా యింటికి వచ్చి, "సార్, పొద్దున షేర్లు కొని సాయంత్రానికి అమ్మేది ఎట్ల మొదలుపెట్టాల? మా నాయనకు సోలారు గుత్త దుడ్డు వచ్చింది" అని యడిగెను. అతనికి నేను చెప్పినదియు, చెప్పుటకు సిగ్గుపడి దాచినదియు నేడు మీ యెదుట విన్నవింతును.

మొదట ఆ దుడ్డు ఎట్టిదో తలపోయుడు. మన పావగడ తాలూకాలో తిరుమణి మొదలగు అయిదు గ్రామముల పరిధిలో సుమారు 13,000 ఎకరములలో 2,050 మెగావాట్ల సౌర విద్యుత్ క్షేత్రము వెలసినది. భూములు రైతులవే. గుత్త ఎకరమునకు ఏడాదికి 21,000 రూపాయలతో మొదలై, రెండేండ్ల కొకసారి నూటికి అయిదు చొప్పున పెరుగునట్లు ఒడంబడిక జరిగినది. మబ్బు వంక చూచి వేరుసెనగ విత్తుచు వచ్చిన మనవారికి ఇది గొప్ప నిబ్బరము. కాని యా సొమ్ము ఒక సంవత్సరపు పంట. అది చేజారినచో మరల సంవత్సరము వరకు వేరొక పంట లేదు.

ఇక బేరము మాట. ఒక కంపెనీ మూలధనములోని చిన్న భాగమే షేరు. దానిని కొని కొన్నేండ్లుంచుకొని కంపెనీ వృద్ధిలో పాలు పొందుట మదుపు. ఉదయము 9 గంటల 15 నిమిషములకు బజారు తెరచిన పిదప కొని, మధ్యాహ్నము 3 గంటల 30 నిమిషములకు మూయులోపల అమ్మివేసి, ధరల తేడాను మాత్రమే ఆశించుట ఒక్కనాటి బేరము. మొదటిది తోట వేయుట వంటిది; రెండవది సంతలో గొఱ్ఱెను కొని యా సంతలోనే అమ్మజూచుట వంటిది. సంతబేరము తప్పు కాదు. కాని యది తెలిసినవాని వృత్తి.

ఆరంభించుట కష్టము కాదు. పాన్ కార్డు, ఆధారు, బ్యాంకు ఖాతా యున్నవాడు సెబీ వద్ద నమోదైన బ్రోకరు ద్వారా ట్రేడింగు ఖాతాను, డీమ్యాటు ఖాతాను ఫోనులోనే తెరువవచ్చును. పూర్వము షేర్లు కాగితపు పత్రములు. 1996లో డిపాజిటరీల చట్టము వచ్చిన పిమ్మట క్రమముగా అవి ఖాతాలోని పద్దులైనవి. నేడు చేనిగట్టున కూర్చుండియే కొనవచ్చును, అమ్మవచ్చును. తలుపు సులభముగా తెరచుకొన్నది గదా యని, లోపలి గుంటలు పూడినవనుకొనరాదు.

మొదటి గుంట అరువు. బ్రోకరు మన సొమ్మునకు అయిదు రెట్ల వరకు బేరమాడనిచ్చును. 10,000 రూపాయలతో 50,000 రూపాయల షేర్లు కొన్నామనుకొందము. ధర నూటికి 2 తగ్గినచో నష్టము 1,000 రూపాయలు. అనగా మన సొమ్ములో పదియవ వంతు ఒక్కపూటలో పోవును. ధర పెరిగినచో అంతే లాభము వచ్చును గదా యని మీరడుగవచ్చును. నిజమే; అయినను రెండవ గుంటను చూడుడు.

అది ఖర్చు. బ్రోకరు నూటికి 3 పైసలు తీసికొన్నచో, ఆ 50,000కు కొనునప్పుడు 15, అమ్మునప్పుడు 15 రూపాయలు. అమ్మకముపై లావాదేవీల పన్ను నూటికి రెండున్నర పైసల వంతున 12 రూపాయల 50 పైసలు. స్టాంపు సుంకము, ఎక్స్చేంజి రుసుము, జీఎస్టీ చేర్చినచో మొత్తము 50 రూపాయలు దాటును. దినమునకు రెండు బేరములు, నెలకు ఇరువది దినములైనచో 40 బేరములకు 2,000 రూపాయలకు పైమాటే. మన మూలధనము 10,000 మాత్రమే! లాభనష్టములు సరిపోయినను, నెల తిరుగునప్పటికి అయిదవ వంతు ఖర్చులకే చెల్లును.

ఇది నా యూహ కాదు. 2024 జూలైలో సెబీ ప్రకటించిన అధ్యయనము ప్రకారము, 2022-23లో ఒక్కనాటి బేరమాడిన వ్యక్తులలో పదిమందికి ఏడుగురు నష్టపడిరి. ముప్పది యేండ్ల లోపువారిలో నూటికి 76 మంది. ఏడాదిలో 500 బేరములకు మించి చేసినవారిలో నూటికి 80 మంది. ఫ్యూచర్లు, ఆప్షన్లు అను బేరములలో 2021-22 మొదలు మూడేండ్లలో నూటికి 93 మంది నష్టపడిరని అదే సంవత్సరము సెప్టెంబరులో సెబీ తెలిపెను.

"మనవారి కంపెనీ, నమ్మవచ్చును" అను మాటయు విందుము. 2009 జనవరి 7వ తేదీన హైదరాబాదు సత్యం కంప్యూటర్స్ అధ్యక్షుడు లెక్కలు తారుమారు చేసితినని లేఖ వ్రాసినాడు. ముందునాడు సుమారు 179 రూపాయలున్న షేరు ఆనాడే 40 రూపాయల చేరువకు పడెను. అభిమానము లెక్కపుస్తకము కాజాలదు.

ఇక నేను దాచిన మాట. కొన్నేండ్ల క్రిందట నేనును 20,000 రూపాయలతో ఈ బేరమునకు దిగితిని. మొదటి వారము 1,400 రూపాయలు లాభము. ఇంటికి మిఠాయి తెచ్చితిని. ఆ మిఠాయియే నన్ను చెరచినది. నష్టము ఇంతకు మించరాదని వ్రాసికొన్న హద్దును నేనే దాటితిని. పోయినదానిని రాబట్టవలెనని మరికొంత పెట్టితిని. ఆరు వారములకు 6,500 రూపాయలు మిగిలెను. నన్నెవరును మోసగింపలేదు. ఆ సొమ్ము మా యమ్మాయి చదువునకై యుంచినది. ఆమె యడిగినప్పుడు "జీతము రానీ, ఇస్తాను" అని బొంకితిని. పిల్లలకు లెక్కలు నేర్పువాడను గదా, సొమ్ముకంటె ఆ బొంకే నన్ను ఎక్కువగా బాధించినది.

కావున ఆరంభింపగోరువారికి నా మనవి. మూడు నెలలు రూపాయి పెట్టక, కొనిన ధర, అమ్మిన ధర, ఖర్చులు నోటుపుస్తకములో వ్రాసి చూడుడు. అందు నష్టమే తేలినచో సంతోషముగా విరమింపుడు. లాభము తేలినను, పూర్తిగా పోయినను ఇల్లు కదలనంత సొమ్మే పెట్టుడు. గుత్త దుడ్డు, నగలు కుదువబెట్టిన దుడ్డు, అప్పు తగవు. అరువు బేరము వలదు. ప్రతి బేరమునకు ముందే నష్టపు హద్దు నిర్ణయించి, ఆ ధర రాగానే అమ్ముడుపోవునట్లు స్టాప్‌లాస్ ఆర్డరు నిచ్చి, దానిని కదలింపకుడు. వాట్సాపులో "ఖాయమైన లాభము" అనువానిని నమ్మకుడు. సలహా అమ్మువాడు నమోదైనవాడో కాదో సెబీ జాబితాలో చూడుడు. ఈ ఆదాయము పన్ను లెక్కలో స్పెక్యులేషను వ్యాపారాదాయము. దీని నష్టమును జీతములో తగ్గించుకొన వీలులేదు. అన్నిటికంటె ముఖ్యము, ఇంటివారికి తెలియకుండ చేయు బేరమును ఆనాడే మానుడు.

ఆ విద్యార్థి మొన్న మరల వచ్చి నోటుపుస్తకము చూపెను. రెండు నెలలకు కాగితముపై నష్టము 3,100 రూపాయలు. "పోయింది కాగితం మీదే సార్, దుడ్డు ఇంట్లోనే ఉంది" అని నవ్వెను. మన పాఠశాలలో చదివినవాడు లెక్క వ్రాసి చూచుకొనెనని నేను పొందిన సంతోషమును మీతో పంచుకొనుచున్నాను.