పసిబిడ్డను ఎవరి చేతికి అప్పగించాలి?

(స్త్రీల సమాజపు కూడికలో చేసిన ప్రసంగము)



ఈ నూరేండ్ల పండుగలో గుడి కట్టించిన వారిని, బడి పెట్టించిన వారిని తలచుకొంటున్నాము. తలచుకోవలసినదే. నాకిచ్చిన కొద్ది సమయములో మాత్రము, ఇంకా బడికి రాని పిల్లలను గూర్చి మాట్లాడతాను. తల్లి పనికి పోయినప్పుడు ఆరేండ్ల లోపు బిడ్డలను ఎవరు చూస్తున్నారు?

మన పల్నాడులో మిరప కోతలు మొదలైతే తెల్లవారకముందే ఆటో ఎక్కిన తల్లి పొద్దుగూకితే గాని ఇల్లు చేరదు. చంటిబిడ్డను వెంట తీసుకొనిపోతే చెట్టుకొమ్మకు పాత చీరతో ఉయ్యాల కడుతుంది. కాయ కోసిన చేతులు ఎంత కడిగినా మంట పోదు. ఆ చేతులతోనే బిడ్డను ఎత్తుకోవాలి. పైన ఎండ, చుట్టూ మందు కొట్టిన చేను, పక్కనే కాలువ. ఇంటివద్ద వదిలితే, బిడ్డ కోసము అక్క బడి మానాలి.

ఆ అక్కను నేనే. సాగరు కుడి కాలువకు 1967లో నీరు వదిలిన తరువాతి మాట. నా తొమ్మిదో ఏట మా అమ్మ పత్తితీతకు పోయేది. తమ్ముణ్ణి చంకనేసుకొని బడి గోడ పక్కన నిలబడి, లోపల చెప్పే ఎక్కాలు వినేదాన్ని. ఒకనాడు వాడు నా చేతుల్లోంచి జారి అరుగు మీదనుండి పడ్డాడు. కనుబొమ మీద ఆ మచ్చ ఈనాటికీ ఉన్నది. అమ్మ నన్ను కొట్టలేదు, తాను ఏడ్చింది. తప్పు ఎవరిది? నాదీ కాదు, కూలికి పోయిన తల్లిదీ కాదు. బిడ్డను నమ్మి అప్పగించే చోటు మా ఊళ్ళో లేదు, అంతే. నైలునది ఒడ్డున జమ్ము పెట్టెకు కాపలా నిలిచినది కూడా ఒక అక్కే గదా!

ఇప్పుడు చోట్లు ఉన్నవి. 1975 అక్టోబరు 2న సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకము దేశములో 33 చోట్ల ఆరంభమైనది. అది పెరిగి నేడు ఊరూరా అంగన్‌వాడీ అయినది. పట్టణాలలో ప్రైవేటు నర్సరీలు కూడా వచ్చినవి. ఇక మనకు కావలసినది ఎంచుకొనే తెలివి. బోర్డు చూచి, ఫీజు చూచి ఎంచుకోకండి. పనిదినాన, చెప్పకుండా వెళ్ళి ఒక గంట కూర్చోండి.

మొదట చేతులు లెక్కపెట్టండి. 2018లో కేంద్ర ప్రభుత్వము శిశు సంరక్షణ కేంద్రములకు ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారము, మూడేండ్ల లోపు పిల్లలు పదిమందికి ఒక కార్యకర్త, ఒక సహాయకురాలు ఉండాలి. మూడు నుండి ఆరేండ్ల వారైతే ఇరవైమందికి. నలభైమందిని ఒక్క ఆయమ్మకు అప్పగిస్తే ఆమె ఎంత మంచిదైనా ఏమి చేయగలదు?

రెండవది, కళ్ళతో వెదకండి. నీళ్ళ తొట్టికి మూత ఉన్నదా? పొయ్యి పిల్లలకు అందుతుందా? వీధి గేటుకు గడియ ఉన్నదా? బిడ్డను తీసుకొనిపోవడానికి ఎవరు వచ్చినా పంపిస్తారా, తెలిసిన మనిషికే ఇస్తారా?

మూడవది, తిండి. ఏమి పెడుతున్నారో, చేతులు కడిగి పెడుతున్నారో చూడండి. అంగన్‌వాడీలో నెలనెలా బరువు తూచి వ్రాసే పట్టిక ఉంటుంది. చూపించమని అడగండి. అడగడము తల్లి హక్కు, తగవు కాదు.

నాలుగవది, చెవి పెట్టి వినండి. పిల్లలతో మాట్లాడుతున్నారా, అరుస్తున్నారా? మూడేండ్ల బిడ్డ చేత పలక నిండా అక్షరాలు దిద్దించే చోటు గొప్పదని మురిసిపోవద్దు. ఆ వయసులో ఆట, పాట, కథల ద్వారానే చదువు అని 2020 జాతీయ విద్యావిధానము కూడా చెప్పినది.

చేర్చిన తరువాత బిడ్డను గమనించండి. మొదటి రోజులలో ఏడుపు సహజము. వారాలు గడిచినా ఆ మనిషిని చూడగానే ముడుచుకొనిపోతే, ఒంటిమీద దెబ్బలు కనబడితే, సర్దిచెప్పుకోక వెంటనే విచారించండి.

మంచి ఆయమ్మ దొరికితే ఆమెను గౌరవించండి. సరియైన జీతము ఇవ్వండి. ఫరో కుమార్తె సహితము బిడ్డను పెంచినందుకు జీతము ఇచ్చినది.

చివరిగా ఒక మనవి. కూలి వేళలు వేరు, అంగన్‌వాడీ వేళలు వేరు. తెల్లవారుజామున, సాయంకాలమున ఆ నడుమ వేళలలోనే బిడ్డ దిక్కులేక ఉంటుంది. వారములో ఆరు రోజులు మన సంఘపు హాలు తాళము వేసి ఉంటుంది. కోతల నెలలలో ఆ రెండు వేళలు తెరిచి, ఇద్దరు నమ్మకమైన స్త్రీలకు జీతమిచ్చి, ఏ కులము ఏ మతము అని అడుగక బిడ్డలను చూడలేమా? ఖర్చు ఎంతవుతుందో లెక్క వేయండి. నా వంతు మొదటి నెల చందా ఈ దినమే ఇస్తాను.

బడి గోడ పక్కన ఇంకొక అక్క నిలబడకూడదు.