ఇంటి భాషకు బడిలో చోటు: జిమ్ కమిన్స్ కృషి



1980 ప్రాంతంలో కెనడా పశ్చిమాన ఉన్న ఒక నగరం నుంచి బడిపిల్లల ఫైళ్లు కొన్ని జిమ్ కమిన్స్ అనే యువ పరిశోధకుడి బల్ల మీదికి చేరాయి. 400కు పైగా ఉన్నాయి. ఇంట్లో వేరే భాష మాట్లాడుకునే వలస కుటుంబాల పిల్లలవి. చదువులో వెనకబడుతున్నారని టీచర్లు ఆ పిల్లల్ని సైకాలజిస్టు దగ్గరికి పంపారు. సైకాలజిస్టు తెలివితేటల పరీక్ష పెట్టి, అంకెలు వేసి, కింద తన అభిప్రాయం రాశాడు. ఆ అభిప్రాయాలు తిరగేస్తుంటే కమిన్స్‌కి ఒకే ధోరణి పదేపదే కనిపించింది. ఈ బిడ్డ ఇంగ్లీషు బాగానే మాట్లాడుతోంది, కాబట్టి లోపం భాషలో లేదు. భాషలో లేకపోతే ఇక ఎక్కడుంది? బిడ్డ బుర్రలోనే ఉందనుకున్నారు. అలా కొందరికి మందమతులన్న ముద్ర పడింది, ప్రత్యేక తరగతుల దారి చూపించారు.

ఇంగ్లీషు నేర్చుకోవడం మొదలుపెట్టి రెండేళ్లు కూడా నిండని పిల్లవాడికి ఇంగ్లీషులోనే తెలివి పరీక్ష పెట్టి, వచ్చిన అంకెను వాడి తెలివికి కొలతగా రాయడంలో ఎంత అన్యాయం ఉందో ఈనాడు ఎవరికైనా తెలుస్తుంది. ఆనాడు చదువుకున్న, మంచి మనసున్న మనుషులే ఆ పని చేశారు. వాళ్లకు దురుద్దేశం లేదు. మాట్లాడే భాషకూ చదివే భాషకూ మధ్య ఉన్న దూరం వాళ్ల లెక్కలో లేదు, అంతే. ఆ దూరాన్ని కొలిచి చూపించడమే కమిన్స్ జీవితంలో మొదటి పెద్ద పని.

కొలత ఎక్కడిదంటే, టొరంటో బడుల బోర్డు దగ్గర ఉన్న లెక్కల్లోది. 5, 7, 9 తరగతుల్లో ఉన్న 1,210 మంది వలస విద్యార్థుల వివరాలను ఆయన మళ్లీ విశ్లేషించి 1981లో ఫలితాలు ప్రకటించారు. ఆటస్థలంలో, బస్సులో, దుకాణంలో పనికొచ్చే ఇంగ్లీషు పిల్లలకు సుమారు రెండేళ్లలో వచ్చేస్తుంది. ఎదుటివాడి ముఖం ఉంటుంది, చేతి సైగ ఉంటుంది, చుట్టూ ఉన్న వస్తువులు ఉంటాయి, సగం అర్థం అవే చెప్పేస్తాయి. పాఠ్యపుస్తకంలో ఆ ఊతం ఏదీ ఉండదు. కారణాలను విడదీసి చెప్పాలి, రెండు విషయాలను పోల్చి రాయాలి, నిత్యవ్యవహారంలో వినిపించని మాటలతో ఆలోచించాలి. ఆ ఇంగ్లీషులో తోటి కెనడా పిల్లలతో సమానం కావడానికి సగటున ఐదు నుంచి ఏడేళ్లు పట్టింది. రెండేళ్లకీ ఏడేళ్లకీ మధ్య ఉన్న ఆ కాలంలోనే బిడ్డ మీద ముద్రలు పడుతున్నాయి.

ఈ సంగతి పసిగట్టిన మనిషి కూడా వలస వచ్చినవాడే. కమిన్స్ 1949లో డబ్లిన్‌లో పుట్టారు. ఐర్లాండు తన సొంత భాషను చాలామేరకు పోగొట్టుకున్న దేశం. 1922లో స్వతంత్ర రాజ్యం ఏర్పడ్డాక బడుల ద్వారా ఐరిష్‌ను మళ్లీ బతికించుకోవాలని గట్టిగా పూనుకుంది. ఇంట్లో ఇంగ్లీషు మాట్లాడే లక్షల మంది పిల్లలు బడిలో ఐరిష్ నేర్చుకున్నారు, కొందరు ఐరిష్ మాధ్యమంలోనే లెక్కలూ చదివారు. దీని మీద అక్కడ పెద్ద వాదమే నడిచింది. 1966లో జాన్ మక్నమారా అనే పండితుడు ఒక పుస్తకం రాసి, ఐరిష్ మాధ్యమం వల్ల పిల్లలు లెక్కల్లో వెనకబడుతున్నారని తేల్చాడు. దశాబ్దం తర్వాత కమిన్స్ ఆ పరిశోధనను మళ్లీ పరిశీలించి ఒక కీలకమైన లోపం ఎత్తిచూపారు. లెక్కల చిక్కుప్రశ్నల పరీక్షను ఆ పిల్లలకు పెట్టింది వాళ్లకు తక్కువగా వచ్చిన భాషలో. వాళ్లు తడబడింది ప్రశ్న చదవడంలోనా, లెక్క చేయడంలోనా అన్నది ఆ పరీక్ష చెప్పలేదు. కెనడా ఫైళ్లలో కనిపించబోయే పొరపాటు ఐర్లాండులో అప్పటికే జరిగి ఉంది.

డబ్లిన్‌లో డిగ్రీ అయ్యాక ఆయన ఎడ్మంటన్ వెళ్లి, 1974లో ఆల్బెర్టా విశ్వవిద్యాలయం నుంచి విద్యా మనస్తత్వశాస్త్రంలో డాక్టరేటు తీసుకున్నారు. కొన్నాళ్లు ఐర్లాండు తిరిగివెళ్లి పనిచేసి, మళ్లీ కెనడా వచ్చి, 1978 నుంచి టొరంటోలోని ఆంటారియో విద్యా పరిశోధన సంస్థలో స్థిరపడ్డారు.

ఆయన అడుగుపెట్టిన కెనడా భాషల విషయంలో మంచి ప్రయోగశాల. రెండు భాషలు నేర్పితే పిల్లల మెదడు గందరగోళపడుతుందని అంతకుముందు చాలామంది నమ్మేవారు. 1962లో మాంట్రియల్‌లో ఎలిజబెత్ పీల్, వాలస్ లాంబర్ట్ పదేళ్ల పిల్లల మీద చేసిన అధ్యయనంలో, ఫ్రెంచి, ఇంగ్లీషు రెండూ బాగా వచ్చినవాళ్లు ఒకే భాష వచ్చినవాళ్ల కంటే తెలివి పరీక్షల్లో మెరుగ్గా నిలిచారు. 1965లో మాంట్రియల్ శివారు సాన్-లాంబేర్‌లో ఇంగ్లీషు మాట్లాడే తల్లిదండ్రులు పట్టుబట్టి తమ పిల్లలకు ఫ్రెంచి మాధ్యమం తరగతి పెట్టించుకున్నారు. కొన్నేళ్లలో ఆ పిల్లలకు ఫ్రెంచి వచ్చింది, ఇంగ్లీషూ చెడలేదు. ఆల్బెర్టాలో 1971లో చట్టం మారి, ఇంగ్లీషు, ఫ్రెంచి కాని భాషల్లోనూ బోధనకు వీలు కలిగింది. 1974లో ఎడ్మంటన్‌లో ఉక్రేనియన్–ఇంగ్లీషు తరగతులు మొదలయ్యాయి. కమిన్స్ మల్కాహీ అనే తోటి పరిశోధకుడితో కలిసి ఆ పిల్లల్ని పరిశీలించారు. ఇంట్లో ఉక్రేనియన్ ధారాళంగా మాట్లాడే పిల్లలు, రెండర్థాలు వచ్చే వాక్యాల్లోని మెలికను తోటివారికంటే బాగా పట్టుకున్నారని 1978లో ప్రకటించారు.

ఈ అన్ని ముక్కల్నీ కలిపి 1979లో ఆయన చెప్పిన సిద్ధాంతాన్ని ఇప్పటికీ ఉపాధ్యాయ శిక్షణ తరగతుల్లో బోధిస్తున్నారు. రెండు భాషలు వచ్చిన పిల్లవాడి బుర్రలో రెండు వేర్వేరు గదులు ఉండవు. నీటి మీద రెండు మంచుకొండల కొనలు విడివిడిగా తేలుతున్నట్టు కనిపిస్తాయి గాని, నీటి అడుగున కొండ ఒకటే. భిన్నాలు అంటే ఏమిటో తమిళంలో అర్థమైన పిల్ల, ఇంగ్లీషులో భిన్నాలను మళ్లీ కొత్తగా నేర్చుకోనక్కర్లేదు, వాటిని ఇంగ్లీషులో ఏమంటారో నేర్చుకుంటే చాలు. కథలో ముందు ఏమి జరిగింది, తర్వాత ఏమి జరుగుతుంది అని ఊహించే అలవాటు పంజాబీలో పడితే, అది ఇంగ్లీషు పుస్తకం పట్టినప్పుడూ పనిచేస్తుంది. కనుక ఇంటి భాషలో గడిపిన గంట ఇంగ్లీషు నుంచి దొంగిలించిన గంట కాదు.

దీనికి విరుద్ధమైన నమ్మకానికి ఆనాటి తల్లిదండ్రుల మీద ఉన్న పట్టును తలచుకోవాలి. ఇంట్లోనూ ఇంగ్లీషే మాట్లాడండి, లేకపోతే పిల్లలు దెబ్బతింటారు అని టీచర్లు సలహా ఇస్తుంటే, తమకే సరిగా రాని ఇంగ్లీషులో పిల్లలతో ముక్కుతూ మూలుగుతూ మాట్లాడిన తల్లులెందరో. బిడ్డకు కథ చెప్పడం, తప్పుచేస్తే నచ్చజెప్పడం, లోకం సంగతి వివరించడం తగ్గిపోయాయి. బడి ఇచ్చిన ఆ సలహా బిడ్డకు మేలు చేయకపోగా, చదువుకు కావలసిన ఆలోచనా బలాన్నే కోసేసింది.

కమిన్స్ చెప్పిన ప్రతిదీ నిలబడిందని కాదు. రెండు భాషల్లోనూ అరకొరగా ఉండిపోయే పిల్లల గురించి ఆయన తొలినాళ్లలో వాడిన పరిభాష వాళ్లను చులకన చేస్తుందని 1980లలో కొందరు భాషావేత్తలు గట్టిగా విమర్శించారు. ఆ విమర్శలో నిజముంది. ఆయన ఆ పదాన్ని వదిలేశారు. తర్వాతి రచనల్లో చూపు మరో వైపు తిరిగింది. పిల్లవాడి లోపాల గురించి కంటే, బడి ఆ పిల్లవాడిని ఎలా చూస్తోందన్న దాని గురించి ఎక్కువగా రాశారు. 1986లో హార్వర్డ్ విద్యా పత్రికలో వచ్చిన ఆయన వ్యాసం సూటిగా అధికారం గురించి మాట్లాడింది. ఎవరి భాషకు బడిలో విలువ ఉందో వాళ్ల పిల్లలు నోరు విప్పుతారు, ఎవరి భాష గుమ్మం బయటే ఆగిపోతుందో వాళ్ల పిల్లలు వెనక బెంచీలో ముడుచుకుంటారు. ఆయన రచనల్లో అన్నిటికంటే విలువైన భాగం ఇదే.

కాలిఫోర్నియాలో ఆ అధికారం ఎటు మొగ్గుతుందో ఓట్ల పెట్టెలోనే తేలింది. 1981లో ఆ రాష్ట్ర విద్యాశాఖ అచ్చువేసిన సిద్ధాంత గ్రంథంలో కమిన్స్ అధ్యాయం ఉంది. 1998లో ప్రొపొజిషన్ 227 ద్వారా ఓటర్లు ద్విభాషా బోధనను దాదాపు తుడిచిపెట్టారు. 2016లో ప్రొపొజిషన్ 58తో అదే రాష్ట్ర ఓటర్లు దారి మళ్లీ తెరిచారు. ఈ మధ్యలో ఒక తరం పిల్లల బడి చదువు మొత్తం అయిపోయింది.

ఆయన ఉన్న ఆంటారియోలోనూ చట్టం ఉదారమైనది కాదు. అక్కడ బోధన ఇంగ్లీషులోనో ఫ్రెంచిలోనో జరగాలి. 1977లో వచ్చిన వారసత్వ భాషల పథకం వారానికి రెండున్నర గంటలు మాత్రం ఇచ్చింది. మరి నలభై భాషల పిల్లలున్న బడిలో ఇంగ్లీషు మాత్రమే వచ్చిన టీచరు ఏం చేయగలదు? దీనికి సమాధానం టొరంటో పక్కన మిస్సిసాగాలోని థార్న్‌వుడ్ బడిలో దొరికింది. అక్కడి ఒక టీచరు, యార్క్ విశ్వవిద్యాలయం నుంచి సాండ్రా షెక్టర్, కమిన్స్ కలిసి చిన్న తరగతుల పిల్లల చేత రెండు భాషల్లో కథలు రాయించారు. పిల్లలు కథను ఇంగ్లీషులో రాసి బొమ్మలు వేస్తారు. ఇంటికి తీసుకెళ్తారు. అమ్మో, నాన్నో, తాతయ్యో కూర్చుని ఇంటి భాషలో రాసిపెడతారు. బడిలోకి ఆ కథ రెండు లిపుల్లో తిరిగి వస్తుంది. ఆ తర్వాత ఆ కథలను ఇంటర్నెట్‌లో ఉంచారు కాబట్టి, సముద్రం అవతల ఉన్న అమ్మమ్మ కూడా మనవరాలి కథ చదవగలిగింది.

మరో బడిలో ఏడో తరగతి చదువుతున్న ముగ్గురు పాకిస్తానీ అమ్మాయిల సంగతి కమిన్స్ చాలాచోట్ల రాశారు. ఒకమ్మాయి కెనడా వచ్చి రెండు నెలలు కూడా కాలేదు. ఇంగ్లీషు అంతంతమాత్రం. మామూలు తరగతిలో అయితే ఆమె అక్షరాలు దిద్దుకుంటూ, బొమ్మలకు పేర్లు రాసుకుంటూ గడిపేది. వాళ్ల టీచరు ముగ్గురినీ కలిపి కూర్చోబెట్టి, దేశం వదిలి రావడం గురించి ఒక పుస్తకం రాయమంది. వాళ్లు ఉర్దూలో, ఇంగ్లీషులో చర్చించుకున్నారు. ఏ అనుభవం పెట్టాలి, ఏది వదిలేయాలి అని వాదించుకున్నారు. కొత్తగా వచ్చిన పిల్ల ఉర్దూలో చెప్పింది, తోటివాళ్లు ఇంగ్లీషులోకి తెచ్చారు. రెండు భాషల్లో 20 పేజీల పుస్తకం తయారైంది. ఇంగ్లీషు రాని ఏడో తరగతి పిల్లకు ఏడో తరగతి ఆలోచనలు ఉన్నాయని ఆ పుస్తకం అందరికీ చూపించింది. ఇలాంటి రచనల మీద పరిశోధకురాలు మార్గరెట్ ఎర్లీతో కలిసి కమిన్స్ 2011లో ఒక గ్రంథమే తెచ్చారు. ఉర్దూ ఒక్క ముక్క కూడా రాని టీచరు ఈ పని చేయించగలగడం గమనించాలి. టీచరుకు అన్ని భాషలూ రావాలన్న షరతు ఇక్కడ లేదు. పిల్లల భాషను గౌరవించే తీరిక ఉంటే చాలు.

ఎవరి స్మృతిలో ఈ ఉపన్యాసం జరుగుతోందో ఆ గిడుగు రామమూర్తి పంతులు గారికి ఈ మాట కొత్తగా అనిపించి ఉండేది కాదు. పర్లాకిమిడి రాజావారి బడిలో చరిత్ర చెప్పుకుంటూ, కొండల్లోని సవరల భాష నేర్చుకుని, వాళ్ల పిల్లలకు వాళ్ల భాషలోనే వాచకాలు రాశారాయన. 1911లో మద్రాసు ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోతే, ఆ డబ్బుతో సవర బడి పెట్టమన్నారు. 2004 ప్రాంతంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సవర, కువి, కొండ, కోయ, గోండి, కొలామి, ఆదివాసీ ఒడియా, బంజారా భాషల్లో తొలి తరగతుల వాచకాలు తెచ్చినప్పుడు జరిగింది ఆయన మొదలుపెట్టిన పనే. ఆ ఆరంభాన్ని ఏళ్ల తరబడి నిలకడగా పోషించి ఉంటే మన్యంలో బడి మానేసే పిల్లల కథ వేరుగా ఉండేది.

మైదానంలో మన వాదం మరో రకం. 2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సర్కారు బడులన్నిటినీ ఇంగ్లీషు మాధ్యమానికి మార్చే ఉత్తర్వులు ఇచ్చింది, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు వాటిని కొట్టేసింది. తర్వాత ఆంధ్రప్రదేశ్‌లోనూ, ఇంగ్లీషు మాధ్యమం మొదలుపెట్టిన తెలంగాణలోనూ, ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ తెలుగుగా పుస్తకాలు అచ్చయ్యాయి. కూలి చేసే తల్లిదండ్రులు ఇంగ్లీషు కోరుకోవడం న్యాయమే. పెద్ద ఉద్యోగాల దారి అటే ఉందని వాళ్లకు తెలుసు, డబ్బున్నవాళ్ల పిల్లలు ఆ దారినే వెళ్లడం చూస్తున్నారు కూడా. వాళ్ల కోరికను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. కానీ టొరంటో లెక్కను ఇక్కడికి తెచ్చేటప్పుడు ఒక సంగతి మరవకూడదు. అక్కడి పిల్లల చుట్టూ వీధి నిండా, టీవీ నిండా ఇంగ్లీషు ఉంది. అయినా ఐదు నుంచి ఏడేళ్లు పట్టింది. పాలకొండలోనో నారాయణపేటలోనో బడిగంట కొట్టాక ఇంగ్లీషు వినపడని పిల్లకు అంతకంటే తక్కువ కాలంలో వస్తుందని ఆశపడటం ఆ పిల్ల మీద మోయలేని బరువు పెట్టడమే. తెలుగు తీసేస్తే ఆ కాలం తగ్గదు. ఆ కాలంలో పాఠం అర్థం చేసుకునే దారి మూసుకుపోతుంది.

రెండు భాషల పుస్తకం ఇప్పటికే పిల్లల సంచిలో ఉంది. దాన్ని సరిగా వాడుకోవడం టీచర్ల చేతిలో ఉంది. సైన్సు పాఠం మీద పిల్లల్ని ముందు తెలుగులో మాట్లాడనివ్వండి, తగాదా పడనివ్వండి, ఆ తర్వాత ఇంగ్లీషు పేజీ తెరిపించండి. తెలుగులో వచ్చిన సరైన జవాబుకు మార్కులు ఇవ్వండి. కొండ పిల్లలు, లంబాడీ పిల్లలు, ఒడియా పిల్లలు ఉన్నచోట వాళ్ల ఇంటి భాష ఏదో చేరిన రోజే రిజిస్టరులో రాసుకోండి. టొరంటోలోనూ డాలస్‌లోనూ ఉన్న మన తల్లిదండ్రులు వారాంతపు తెలుగు బడికి పిల్లల్ని దింపి రావడంతో ఆగకుండా, రోజూ రాత్రి ఒక తెలుగు కథ చదివి వినిపించాలి. విద్యాశాఖ అధికారులకు విన్నపం ఒకటే: ఇంగ్లీషులో రాసిన పరీక్షలో తక్కువ మార్కులు వచ్చినంత మాత్రాన ఏ బిడ్డనూ వెనకబడిన విద్యార్థుల జాబితాలో చేర్చకండి. ముందు అదే ప్రశ్న ఆ బిడ్డకు తన భాషలో వేసి చూడండి.