పెట్టుబడి వీసా – పెన్షనరు ఇల్లు
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా ఈ రోజున మనం కరువు భత్యం గురించీ, బకాయిల గురించీ, మెడికల్ బిల్లుల గురించీ మాట్లాడుకుంటాం. ఈసారి కార్యదర్శిగారు నాకు వేరే అంశం అప్పజెప్పారు. కారణం ఉంది. ఈమధ్య మన సంఘ కార్యాలయానికి కొందరు సభ్యులు కొత్తరకం కాగితాలు పట్టుకుని వస్తున్నారు. అట్ట మీద రంగుల్లో పెద్ద హోటలు బొమ్మ, లోపల ఇంగ్లీషులో వందల పేజీలు. "అబ్బాయి అమెరికా నుంచి పంపాడండీ, ఇల్లు అమ్మి సర్దమంటున్నాడు, ఒకసారి చూసిపెట్టండి" అంటున్నారు. ముప్పై నాలుగేళ్లు గుమాస్తాగా ఫైళ్లు చదివి నోట్లు రాసినవాణ్ణి. కాగితం ఏ దేశానిదైనా ఫైలు ఫైలే. ఈ ఫైలు మీద నా నోటు ఇది.

అసలు ఈ వీసా ఏమిటి?

దీన్ని ఈబీ-5 అంటారు. అమెరికా కాంగ్రెసు 1990లో చేసిన ఇమిగ్రేషన్ చట్టంలో పుట్టింది. విదేశీయుడు అమెరికాలో వ్యాపారంలో పెట్టుబడి పెట్టి, అక్కడివారికి కనీసం 10 పూర్తికాలపు ఉద్యోగాలు కల్పిస్తే, అతనికీ, భార్యకూ, 21 ఏళ్లలోపు పెళ్లికాని పిల్లలకూ గ్రీన్‌కార్డు ఇస్తారు. మొదట్లో పెట్టుబడి 10 లక్షల డాలర్లు; పల్లె ప్రాంతమో, నిరుద్యోగం ఎక్కువగా ఉన్న ప్రాంతమో అయితే 5 లక్షలు. 2022 మార్చి 15న వచ్చిన సంస్కరణ చట్టం ఈ మొత్తాలను 10 లక్షల 50 వేలకూ, 8 లక్షలకూ పెంచింది. 2027 జనవరి నుంచి అయిదేళ్లకోసారి ధరల సూచీని బట్టి సవరించాలని కూడా అందులోనే రాశారు.

సొంతంగా వ్యాపారం పెట్టేవారు తక్కువ. ఎక్కువమంది 'రీజినల్ సెంటర్' అనే సంస్థ ద్వారా ఏ హోటలు కట్టడానికో, అపార్టుమెంట్లు కట్టడానికో డబ్బిచ్చి ఊరుకుంటారు. మొదట వచ్చే గ్రీన్‌కార్డు రెండేళ్ల షరతులది. ఆ గడువు ముగిసే ముందు 90 రోజుల్లో మరో దరఖాస్తు పెట్టి, పెట్టుబడి నిలిచిందనీ, ఉద్యోగాలు వచ్చాయనీ రుజువు చేసుకుంటేనే షరతులు తొలగుతాయి. మన ప్రొబేషన్, ఆ తర్వాత డిక్లరేషన్ వంటిదే.

పిల్లలు ఎందుకు అడుగుతున్నారు?

పిల్లల్ని దోషులుగా నిలబెట్టడం నా ఉద్దేశం కాదు. వాళ్ల ఇబ్బంది నిజమైనది. హెచ్-1బీ మీద ఉన్నవారికి ఉద్యోగం పోతే, మరొకటి చూసుకోవడానికి సాధారణంగా దొరికే గడువు గరిష్ఠంగా 60 రోజులు. ఉద్యోగాల ద్వారా ఇచ్చే గ్రీన్‌కార్డుల్లో ఏ ఒక్క దేశానికీ 7 శాతం మించకూడదని నిబంధన. మనవాళ్లు లక్షల్లో ఉండడంతో వరుస ఏళ్ల తరబడి కదలదు. ఈలోగా ఇక్కడ పుట్టి చిన్నప్పుడే అక్కడికి వెళ్లిన మనవడికో మనవరాలికో 21 నిండితే, తల్లిదండ్రుల వీసా నీడలోంచి బయటికి రావలసిందే. 2025 సెప్టెంబరు 19న కొత్త హెచ్-1బీ దరఖాస్తులపై లక్ష డాలర్ల రుసుము ప్రకటించడంతో భయం మరింత పెరిగింది.

ఈబీ-5 ఆ భయానికి మందులా కనిపిస్తుంది. 2022 చట్టం కొన్ని వీసాలను ప్రత్యేకించింది: పల్లె ప్రాంతాలకు 20 శాతం, నిరుద్యోగ ప్రాంతాలకు 10 శాతం, ప్రభుత్వ నిర్మాణాలకు 2 శాతం. ఆ తరగతుల్లో వీసా అందుబాటులో ఉన్నంతవరకు, ఇప్పటికే అమెరికాలో ఉన్నవాడు రెండు దరఖాస్తులూ ఒకేసారి పెట్టుకోవచ్చు. కంపెనీ మీద ఆధారపడకుండా పనిచేసుకునే అనుమతి కూడా కోరవచ్చు. కాబట్టి కొడుకు అడగడంలో తప్పు లేదు. ప్రశ్న అంతా ఎవరి సొమ్ము, ఎవరి గూడు అన్నదే.

లెక్క చూద్దాం

డాలరు 90 రూపాయలు అనుకుంటే 8 లక్షల డాలర్లంటే 7 కోట్ల 20 లక్షలు. రీజినల్ సెంటరువారి ఖర్చులు, లాయరు ఫీజు, ప్రభుత్వ రుసుములు వేరే. గ్రాట్యుటీ, కమ్యుటేషన్, జి.పి.ఎఫ్. అన్నీ కలిపినా గుమాస్తా ఏ మూలకు? కాని హౌసింగు సొసైటీలో ఒకప్పుడు నెలనెలా కోత కోయించుకుని కొన్న స్థలం ఇవాళ కోట్లు పలుకుతోంది. హైదరాబాదు, విశాఖ, విజయవాడ చుట్టుపక్కల మనవాళ్లలో చాలామంది కాగితం మీద కోటీశ్వరులే. జేబులో మాత్రం పెన్షనే. అబ్బాయి పొదుపు కొంత, అక్కడి ఇంటి మీద అప్పు కొంత, మిగిలినదానికి నాన్నగారి ఇల్లు. లెక్క అక్కడ కుదురుతుంది.

ఇక పంపడం. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం ఇక్కడ నివసించే ఒక్కొక్కరు ఆర్థిక సంవత్సరానికి 2 లక్షల 50 వేల డాలర్ల వరకే పంపగలరు. తండ్రీ తల్లీ ఇద్దరూ కొడుక్కి బహుమతిగా పంపితే 5 లక్షలు. అందుకే ఏజెంట్లు "మార్చిలో ఒకసారి, ఏప్రిల్లో ఒకసారి" అని నేర్పుతారు. ఇలా పంపే సొమ్ములో ఏడాదికి 10 లక్షల రూపాయలు దాటిన భాగం మీద బ్యాంకు 20 శాతం ముందుగా పన్ను వసూలు చేస్తుంది. 2 లక్షల 50 వేల డాలర్లకు అది సుమారు 43 లక్షలు. దంపతులిద్దరికీ 86 లక్షలు. రిటర్ను వేసినప్పుడు పన్నులో సర్దుబాటై, మిగిలింది తిరిగి వస్తుంది నిజమే. వచ్చేదాకా ఆ సొమ్ము కూడా ఎక్కడినుంచో తేవాలి. ఇల్లు అమ్మినందుకు మూలధన లాభం పన్ను వేరే. 2024 జూలై 23 నుంచి రేటు 12.5 శాతం, అంతకు ముందు కొన్న ఇళ్లకూ స్థలాలకూ పాత పద్ధతిలో ధరల సూచీతో 20 శాతం లెక్కవేసి, ఏది తక్కువైతే అది కట్టే వీలుంది.

దీనికంటే పెద్ద చిక్కు మరొకటి. డబ్బు న్యాయంగా వచ్చిందని అమెరికా అధికారులకు రుజువు చూపాలి. బహుమతి అయితే ఇచ్చినవారికి ఎలా వచ్చిందో కూడా చూపాలి. మన సర్వీసు వివరాలు, జి.పి.ఎఫ్. తుది చెల్లింపు ప్రొసీడింగ్స్, హౌస్ బిల్డింగ్ అడ్వాన్సు ఉత్తర్వులు, లింకు డాక్యుమెంట్లు, ఈ.సి., ఇన్‌కంటాక్సు రిటర్నులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు - అన్నీ ఆ ఫైలులోకి వెళతాయి. ఇల్లు అమ్మేటప్పుడు రిజిస్ట్రేషను విలువ ఇంత, చేతికిచ్చేది అంత అనే అలవాటు మన దగ్గర ఉన్నదే. చేతికిచ్చిన ఆ సొమ్ముకు కాగితం లేదు. కాగితం లేని రూపాయి ఈ వీసాకు పనికిరాదు, ఇక్కడి చట్టానికీ విరుద్ధం. ఇల్లు అమ్మేశాక ఈ సంగతి తెలిస్తే ఇల్లూ ఉండదు, వీసా ఫైలూ నిలవదు.

"గ్యారంటీ" అనే మాట

ఏజెంట్లు హోటలు హాళ్లలో సభలు పెట్టి కాఫీ ఫలహారాలిచ్చి చెప్పే మాట: "వీసా వస్తుంది, అసలు భద్రం." చట్టం చెప్పేది దానికి సరిగ్గా వ్యతిరేకం. పెట్టుబడి నష్టభయానికి లోబడి ఉండాలి. అసలు తిరిగి ఇస్తామని వ్యాపారం హామీ ఇస్తే అది పెట్టుబడి కిందికే రాదు. అంటే హామీ నిజమైతే వీసాకు అర్హత లేదు. అర్హత ఉంటే హామీ అబద్ధం. ఈ ఒక్క ముక్క జ్ఞాపకం పెట్టుకోండి.

నష్టభయం అన్నది కాగితం మీది మాట కాదు. వెర్మాంట్ రాష్ట్రంలో జే పీక్ అనే మంచు క్రీడల కేంద్రం ఉంది. హోటళ్లు, బయోటెక్నాలజీ పరిశోధనశాల కడతామని అనేక దేశాలవారి దగ్గర ఈబీ-5 కింద 35 కోట్ల డాలర్లకు పైగా పోగుచేశారు. అందులో 20 కోట్లకు పైగా దుర్వినియోగమైందని 2016 ఏప్రిల్లో అక్కడి సెక్యూరిటీస్ కమిషన్ కేసు పెట్టింది. పరిశోధనశాల కట్టనేలేదు. యజమానికి 2022లో అయిదేళ్ల జైలు శిక్ష పడింది. అక్కడి రీజినల్ సెంటరు నడిపింది సాక్షాత్తూ ఆ రాష్ట్ర ప్రభుత్వ శాఖే. ప్రభుత్వ ముద్ర ఉంది కదా అని నిశ్చింతగా ఉండే అలవాటు మన ఉద్యోగులకు ఎక్కువ. అందుకే ఇంత వివరంగా చెబుతున్నాను.

మోసం లేకపోయినా పథకాలు మారిపోతాయి. రీజినల్ సెంటర్ల అనుమతి 2021 జూన్ 30న గడువు తీరి, 2022 మార్చిలో కొత్త చట్టం వచ్చేదాకా ఆ ఫైళ్లు ఆగిపోయాయి. ఇప్పటి చట్టంలో రాసిన గడువు 2027 సెప్టెంబరు 30. బ్రిటన్ తన పెట్టుబడి వీసాను 2022 ఫిబ్రవరిలో మూసింది. ఆస్ట్రేలియా 2024 జూలైలో, స్పెయిన్ 2025 ఏప్రిల్లో మూశాయి. మన ఇల్లు అమ్ముడుపోతే మాత్రం మళ్లీ తెరిచే తలుపు కాదు.

ఇందులో మన వంతు ఏమిటి?

చాలామంది అడగని ప్రశ్న ఇదే. కొడుక్కీ, కోడలికీ, పిల్లలకూ కార్డు వస్తుంది. ఇల్లు అమ్మి డబ్బిచ్చిన తల్లిదండ్రులకు రాదు. గ్రీన్‌కార్డు ఉన్నవాడు తల్లిదండ్రులను స్పాన్సరు చేయలేడు. 21 ఏళ్లు నిండిన పౌరుడే చేయగలడు. గ్రీన్‌కార్డు వచ్చాక పౌరసత్వానికి సాధారణంగా అయిదేళ్లు ఆగాలి. ఫైలు తేలే కాలం, ఆపైన అయిదేళ్లు, ఆపైన మన దరఖాస్తు. ఇవాళ 70 ఏళ్ల తండ్రికి ఆ మాట వినపడేసరికి 80 దగ్గరపడుతుంది. అంతవరకు సందర్శకులుగా వెళ్లి రావడమే. వచ్చి ఎక్కడ ఉంటారు? అద్దె ఇంట్లో. ఏ వీధిలో అందరూ "ఆఫీసరుగారి ఇల్లు" అన్నారో, ఆ వీధిలోనే.

నా సిఫార్సులు

ఇవ్వవద్దని నేను అనను. కన్నబిడ్డకు కష్టకాలంలో ఇవ్వకపోతే ఇంకెప్పుడు? ఎలా ఇవ్వాలన్నదే నా నోటు.

ఒకటి: నివసించే ఇల్లు అమ్మవద్దు. వేరే స్థలమో, పొలమో ఉండి, అది లేకపోయినా మీ బతుకు సాగుతుందనుకుంటే దానినుంచి ఇవ్వండి. పోయినా ఫరవాలేదు అనుకోగలిగినంతే ఇవ్వండి.

రెండు: ఇది భార్యాభర్తలిద్దరి సంతకంతో ముగిసే వ్యవహారం. ఇల్లాలి మాట వినకుండా మాట ఇవ్వవద్దు. ఫ్యామిలీ పెన్షను మీద మిగిలేది ఆమే. మిగతా పిల్లలకు, ముఖ్యంగా ఆడపిల్లలకు, ముందే చెప్పండి.

మూడు: ప్రాజెక్టును అమ్మేవారి జీతం మీద లేని లాయరు చేత, ఆడిటరు చేత కాగితాలు చదివించమని అబ్బాయికి చెప్పండి. అసలు ఎప్పుడు, ఏ సొమ్ములోంచి తిరిగి వస్తుంది, మన ముందు వరుసలో ఏ బ్యాంకు ఉంది, దరఖాస్తు తిరస్కరిస్తే ఏమిస్తారు - ఈ మూడింటికీ జవాబు కాగితం మీద ఉండాలి.

నాలుగు: ఇల్లు పిల్లల పేర రాయవలసివస్తే, పోషణ బాధ్యత షరతుగా దానపత్రంలోనే రాయించండి. 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం 23వ సెక్షను ప్రకారం, ఆ షరతు తప్పితే దానపత్రం రద్దు కోరుతూ ట్రిబ్యునలుకు వెళ్లవచ్చు. మధ్యప్రదేశ్‌కు చెందిన ఒక తల్లి కేసులో 2025 జనవరి 2న సుప్రీంకోర్టు అలాగే రద్దును సమర్థించి ఇల్లు ఆమెకు అప్పగించమంది. అయితే ఇల్లు అమ్మి డాలర్లుగా మార్చి అమెరికా హోటలు పునాదుల్లో పోసినదాన్ని మన ట్రిబ్యునలు ఎలా వెనక్కి తెస్తుంది?

మిత్రులారా! పెన్షను ఎవరి దయాధర్మమూ కాదు, ఉద్యోగి హక్కు అని 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే ఈ దినోత్సవం జరుపుకుంటున్నాం. వృద్ధాప్యంలో ఎవరి ముందూ చేయి చాపకుండా బతకడం ఆ తీర్పు సారాంశం. పెన్షను నెలనెలా ఆ మర్యాదను నిలబెడితే, తలమీది కప్పు రోజూ నిలబెడుతుంది. కొడుకు కొత్త జీవితానికి మనం చేయూత ఇవ్వవచ్చు. మన పాత జీవితాన్ని తాకట్టు పెట్టనక్కరలేదు. ఈ మాట పిల్లలతో చెప్పడానికి నామోషీ పడకండి. అర్థమయ్యేలా లెక్క వేసి చూపిస్తే, చాలామంది పిల్లలు అర్థం చేసుకుంటారు.

అలాంటి కాగితాలు ఎవరికైనా వస్తే, సంతకానికి ముందు సంఘ కార్యాలయానికి తీసుకురండి. మంగళ, శుక్రవారాల్లో అక్కడే ఉంటాను. కలిసి చదువుదాం.