రికార్డు ప్లేయరునకు తగిన ఆంప్లిఫయరు



అరకులోయలో థింసా ఆటకు మోరి, డప్పు, తుడుము కలిసి మ్రోగవలెను. డప్పు మోరిని మ్రింగివేసినచో ఆట చెడును. పాత రికార్డు ప్లేయరునకు, పాత స్పీకర్లకు నడుమ ఆంప్లిఫయరును కూర్చుటయు నట్టిదే.

మొదట ముల్లును చూడవలెను. అయస్కాంతపు ముల్లు పుట్టించునది సుమారు 5 మిల్లీవోల్టులు మాత్రమే. అంతియేకాక, లాంగ్‌ప్లే రికార్డును చెక్కునపుడు మంద్రస్వరములను తగ్గించి, తారస్వరములను హెచ్చింతురు. అమెరికాలో 1954లో ఏర్పడిన ఈ కొలతయే పిదప లోకమంతట వ్యాపించినది. దానిని మరల సరిచేయునది ‘ఫోనో’ భాగము. అది లేనిచో పాట సన్నగా, పేలవముగా వినబడును. ఆంప్లిఫయరులో గాని, ప్లేయరులో గాని ఆ భాగము లేనిచో ఫోనో పెట్టెను వేరుగా కొనవలెను. సిరామిక్ ముల్లు వందల మిల్లీవోల్టుల నిచ్చును గనుక దానికి ఫోనో భాగము పనికిరాదు.

పిదప స్పీకరు వెనుక వ్రాసిన ఓములను చూడవలెను. 8 ఓములకు తక్కువ కూడదన్న ఆంప్లిఫయరునకు 4 ఓముల స్పీకరు తగిలించినచో విద్యుత్ప్రవాహము ఇంచుమించు రెట్టింపగును. యంత్రము వేడెక్కి చెడవచ్చును.

ఇక వాట్లు. అవి రెట్టింపైనను ధ్వని పెరుగునది 3 డెసిబెల్లులే. బాగుగా పలుకు స్పీకర్లున్నచో చిన్న పఠనమందిరమునకు 20 వాట్లు చాలును. అయినను బలములేని ఆంప్లిఫయరును తుదికంట త్రిప్పినచో ధ్వని చీలి, తారస్వరముల చిన్న స్పీకరు మాడిపోవును.

కిష్కింధలో శ్రీరాముడు హనుమంతుని మెచ్చినది గొంతు పెద్దదని కాదు. పలుకు స్పష్టమై మధ్యమస్వరమున నుండుటచేతనే. ఆంప్లిఫయరునకును అదియే గుణము.

మాడిన పాత స్పీకరునకు జోడు దొరకుట కష్టము. కొనునది చందాదారుల సొమ్ముతో. కావున తెలిసిన రికార్డు నొకదానిని, స్పీకర్లను వెంటగొనిపోయి, విన్న పిమ్మటనే వెల చెల్లించుట మేలు.