సైరన్ ఆగినా ఒళ్ళు ఆగదు



ఉమ్మడి రాష్ట్రంలో 2005 ఆగస్టు 15న 108 అంబులెన్సులు మొదలైనాయి. విజయవాడ రోడ్డు మీద ప్రమాదమైనా, దేవరకొండ, అచ్చంపేట తండాల్లో పురుటినొప్పులైనా ముందు చేరేది ఒక టెక్నీషియన్, ఒక పైలట్ (డ్రైవర్‌ను అలా పిలుస్తారు).

కబురు రాగానే మూత్రపిండాల పైనుండే గ్రంథులు ఎడ్రినలిన్‌ను వదులుతాయి. గుండె వేగం, రక్తంలో చక్కెర పెరుగుతాయి, ఆకలి చస్తుంది. వెనకే కార్టిసాల్ వస్తుంది. ఇది జబ్బు కాదు, పనికి ఒళ్ళు సిద్ధపడటం. అది దిగాలంటే విశ్రాంతి కావాలి. దిగకముందే మళ్ళీ ఫోను మోగుతుంటే, పన్నెండు గంటల డ్యూటీ రాత్రికీ పగటికీ మారుతుంటే నిద్ర చెడుతుంది, రక్తపోటు పెరుగుతుంది, నెలసరి తప్పవచ్చు.

అప్పుడేమంటారు? "ఆడదానికి ఈ పనెందుకు" అంటారు. పైలట్‌కూ నిద్ర పట్టదు, ఆయన్నెవరూ అలా అనరు! మరుగుదొడ్డి లేక నీళ్ళు తాగడం మానేసి మూత్రంలో మంట తెచ్చుకున్నా అది ఆమె సుకుమారమే. ఇలా మనిషి పూర్తిగా అలిసిపోవడం పనిచోట అదుపు చేయని ఒత్తిడి ఫలితమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది.

ధ్యానం క్లాసులతో సరిపెడితే ఒప్పుకోవద్దు. ఎనిమిది గంటల డ్యూటీ, బండి ఆగేచోట మరుగుదొడ్డి, చనిపోయిన బిడ్డను దించాక మరో కేసుకు పంపేముందు కాసేపు విరామం. ఈ మూడూ రాతపూర్వకంగా అడగాలి.