ఇంటిలోని చాకిరేవు



నెల జీతముపై ఆధారపడిన కుటుంబమునకు బట్టల సబ్బు చిన్న పద్దువలె కనిపించును. ఏడాది లెక్క చూచినచో చిన్నది కాదు. ఢిల్లీలో బోరు నీరు వాడు కాలనీలలో ఈ వ్యయము మరింత హెచ్చు. కారణము కఠినజలము. అందలి కాల్షియము, మెగ్నీషియము లవణములు సబ్బుతో కలిసి తెల్లని తెట్టుగా విడిపోవును. అరగదీసిన సబ్బులో కొంత భాగము బట్టను చేరకయే నీటిపాలగును. ముందుగా నీటిలో కొద్దిగా బట్టల సోడా కరగించినచో ఆ లవణములు అడుగునకు దిగును, సబ్బు మిగులును.

పట్టునకు, ఉన్నికి మాత్రము సోడా తగదు. అక్కడ కుంకుడుకాయకు సాటి లేదు. గింజలు తీసి, పైతొక్కలను రాత్రి నానవేసి, మరునాడు పిసికి వడగట్టిన రసము చాలును. అది కఠినజలములో తెట్టు కట్టదు. నిలువ ఉండదు గనుక ఏనాటిది ఆనాడే.

ఇంట సబ్బు వండవలెనను ఉత్సాహము కొందరికి కలదు. కిలో కొబ్బరినూనెకు సుమారు 175 గ్రాముల కాస్టిక్ సోడా పట్టును. నూనె వెల చూచినచో ఇది గిట్టుబాటు బేరము కాదని నిర్మొగమాటముగ చెప్పవలెను. ఆపైన ప్రమాదము: సోడాను నీటిలో వేయవలెను గాని నీటిని సోడాపై పోయరాదు; ఒక్కసారిగా వేడెక్కి చిమ్మును, కన్ను పోవును. అల్యూమినియము గిన్నెను తినివేయును. పిల్లలు తిరుగు క్వార్టర్సు వంటయింటిలో ఈ ప్రయోగము వలదు.

గంజి సంగతి వేరు. వార్చిన గంజిని వడగట్టి, పలుచన చేసి పెట్టిన నూలుచీర నిలుచు తీరు గృహిణులెరిగినదే. కుక్కరు వచ్చిన పిమ్మట పలువురు వార్చుటయే మానిరి, గంజిపొడిని కొనుచున్నారు.